ఒత్తు తెగిన ఊరి పేరు

మాచర్ల రోడ్డులో మోటార్ల వైండింగ్ షాపు పక్కన ఇనప మెట్లున్నాయి, పైకి రండి. చివరి మెట్టు కొంచెం కదులుతుంది, చూసుకుని కాలు పెట్టండి. పైన ఒకటే గది. సగం గదిని విప్పేసిన మోటార్ల తొడుగులు, కాలి నల్లబడ్డ రాగి తీగ చుట్టలు, పాత బేరింగుల డబ్బాలు ఆక్రమించాయి. మిగతా సగంలో ఒక ఇనప బల్ల, ప్లాస్టిక్ కుర్చీ, టేబుల్ ఫ్యాను, బల్ల మీద లాప్‌టాప్. మనం కూర్చోవడానికి తీగ వచ్చిన అట్టపెట్టె ఉంది. గట్టిదే.

ఫిబ్రవరి నెల, సాయంత్రం ఆరు దాటింది. పడమట నల్లమల కొండల మీద ఎరుపు ఇంకా పోలేదు. కిటికీ తెరిస్తే ఘాటు. యర్రగొండపాలెం చుట్టూ కళ్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది, రోడ్డు మీద టిక్కీలెక్కించిన లారీలు గుంటూరు యార్డుకి పోతున్నాయి. తుమ్మొస్తే తుమ్మండి, ఇక్కడెవరూ ఏమీ అనుకోరు.

కుర్చీలో కూర్చున్న అమ్మాయి తన పేరు రాయొద్దంది. ఉద్యోగం వచ్చాక రాయమంది. రేపు పదకొండింటికి ఇంటర్వ్యూ. హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీ, వెబ్ డెవలపర్ పోస్టు, ఫ్రెషర్లనే పిలిచారు. ఇంట్లో సిగ్నల్ సరిగా అందదని ఈ గదికొచ్చింది. షాపు వాళ్ల మేనమామది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మావయ్య వచ్చాడు, చేతికి గ్రీజు. మేనకోడలి వెనక నిలబడి తెర వైపు కళ్లు చిట్లించి చూస్తున్నాడు.

"ఊరి పేరు ఇట్టా రాశావేందే? యరగొండపాలెం అనుంది."

"సరిగ్గానే రాశా మావయ్యా."

"యాడ సరిగ్గా? రావత్తు యాడుంది?"

మనమూ ముందుకు వంగి చూద్దాం. పేజీ పైన నీలం పట్టీ, అందులో తెల్లటి పెద్ద అక్షరాలతో షాపు పేరు, ఊరి పేరు. నిజమే. ర కింద ఉండాల్సిన వంక లేదు. పట్టీ అంచు దగ్గర బ్లేడుతో కోసినట్టు పోయింది. అమ్మాయి టైపు చేసింది మాత్రం ర్ర. ఫోనులో మెసేజ్‌గా పంపితే నిక్షేపంగా కనిపిస్తోంది. ఈ పట్టీలోకి వచ్చేసరికే తెగుతోంది.

ఆమె బ్రౌజర్‌లో మౌస్ కుడి మీట నొక్కి ఇన్‌స్పెక్ట్ తెరిచింది. తెర కుడి పక్కన పేజీ లోపలి సంగతంతా వరసగా దిగింది. పట్టీ మీద వేలు పెట్టి ఒక్కో లైనూ పైకి చదువుకుంటోంది. లైన్ హైట్ ఒకటి. ఓవర్‌ఫ్లో హిడెన్. ఎత్తు ముప్పై రెండు పిక్సెళ్లు. ఈ నమూనా పట్టీని ఎవరో ఇంగ్లిష్ అక్షరాల కోసం చేసి నెట్‌లో పెట్టారు. ఇంగ్లిష్‌లో జీ, వై లాంటి నాలుగైదు చిన్నక్షరాల తోకలు తప్ప కిందికి దిగేదేమీ ఉండదు, అందుకని వరస ఎత్తుని అక్షరం కొలతకే బిగించేశారు. మన రాతలో గుడులు పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి. కిందికి దిగింది కనపడొద్దని హిడెన్ మాట చెబుతోంది. బ్రౌజర్ చెప్పినట్టే చేసింది.

లైన్ హైట్ 1.7 చేసింది. ఎత్తు లైను తీసేసింది. వంక కిందికి దిగి కూర్చుంది. మావయ్య "ఆ, ఇప్పుడు మనూరు" అని దిగిపోయాడు.

పైపైన చూస్తే ఇది పావుగంట పని. కాకపోతే నాకు తెలిసి ఆ పావుగంటలో ఈ అమ్మాయి చేసింది వెబ్ డెవలపర్ రోజంతా చేసేదే. ఎవరో వచ్చి బాగాలేదంటారు, తప్పెక్కడుందో వాళ్లకి తెలియదు, వెతికి పట్టుకోవాలి. కోడు రాయడం తర్వాతి సంగతి.

పైగా తెలుగు అక్షరం తెర మీద ఇబ్బంది పెట్టడం కొత్త కాదు. యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లోనే, తెలుగుకి చోటు దొరికింది. అయినా ఇరవై ఏడేళ్ల తర్వాత, 2018 ఫిబ్రవరిలో, జ్ఞా అనే ఒక్క అక్షరం ప్రపంచంలోని ఐఫోన్లని పడుకోబెట్టింది. ఆ అక్షరమున్న మెసేజ్ వస్తే చాలు, యాప్ మూతపడేది, మళ్లీ తెరుద్దామంటే తెరుచుకునేది కాదు. ఆపిల్ ఆ నెల 19న 11.2.6 అని ప్రత్యేకంగా ఒక అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అంత పెద్ద కంపెనీ పరీక్షలన్నీ దాటుకుని జ్ఞా బయటికి వచ్చిందంటే, నెట్‌లో దొరికిన ఉచిత నమూనా ర్రని మింగడంలో వింతేముంది? అమ్మాయి వాడిన అక్షరాల పేరు మండలి, పురుషోత్ కుమార్ గుత్తుల గీసినవి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, గిడుగు కూడా ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఇంతకీ ఈ పేజీ ఎందుకో చెప్పలేదు. కింద షాపులోకి తొంగిచూస్తే తెలుస్తుంది. గచ్చు మీద పది పన్నెండు సబ్‌మెర్సిబుల్ మోటార్లు వరసగా పడుకుని ఉన్నాయి. ఈ ప్రాంతంలో నీళ్లంటే బోరే. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. ఈ అమ్మాయి పుట్టకముందు మాట అది, ఇప్పటికీ ఇంట్లో వాళ్లు నీళ్లొచ్చాక అనే మాట్లాడుకుంటారు. అందాకా వందల అడుగుల లోతులో మోటారు, పగటి పూట ఇచ్చే తొమ్మిది గంటల కరెంటు, అంతే. కాయ మీదున్న మిర్చికి మోటారు కాలిందంటే రైతుకి కంటి మీద కునుకుండదు. పైపులు పైకి లాగించి, మోటారు ఆటోలో వేసుకొచ్చి ఇక్కడ పడేస్తాడు. ఆ క్షణం నుంచి ఫోన్లు. అన్నా, అయిందా? బాబాయ్, నాది విప్పారా? మావయ్యకి రోజులో సగం చేతిలో ఫోను, సగం చేతిలో సుత్తి.

హైదరాబాద్‌లో అమీర్‌పేట కోర్సుల నుంచి తిరిగొచ్చాక ఖాళీగా కూర్చున్న మేనకోడలు చూసి చూసి, మోటారుకో టోకెన్ నంబరిచ్చి, ఆ నంబరు ఫోనులో కొడితే ఎంతవరకు వచ్చిందో కనపడేట్టు చేసింది. విప్పాం, వైండింగులో ఉంది, బేరింగులు మార్చాలి, రెడీ. అంతే, నాలుగు మాటలు. అది ఆర్నెల్లుగా నడుస్తోంది, రెండుసార్లు పరువు తీసింది.

మొదటిసారి జనం పరువు. తొలి రోజుల్లో పేజీ తెరవగానే జాబితా మొత్తం కనపడేది. రైతు పేరు, ఊరు, ఫోన్ నంబరు, కట్టాల్సిన బిల్లు. అమ్మాయికి అందులో తప్పేమీ తోచలేదు, షాపు పుస్తకంలో ఉన్నదే కదా. ఓ రోజు వెంకటాద్రిపాలెం రైతు మోటారు తీసుకుపోదామని వస్తే, ఆయనకి అప్పిచ్చిన పెద్దమనిషి అప్పటికే షాపు బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బిల్లు కట్టే డబ్బు జేబులో ఉన్న రోజు ఏదో ఆయనకి వెబ్‌పేజీ చెప్పింది. అక్కడ జరిగింది జరిగాక మావయ్య పైకొచ్చి మేనకోడల్ని తిట్టిన తిట్లు రాయను. ఆ రాత్రే ఆమె పేర్లూ బిల్లులూ తీసేసి, టోకెన్ కొట్టినవాళ్లకి ఆ ఒక్క మోటారు స్థితి మాత్రమే కనపడేట్టు మార్చింది. మిగతాది మావయ్య పాస్‌వర్డ్ వెనక. మనుషుల వివరాలు కాపాడాలని దేశంలో 2023లో చట్టం వచ్చింది. కోర్సుల్లోనూ ఈ సంగతి ఓ పాఠంగా ఉంటుంది. బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్న ఆ పెద్దమనిషి చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు.

రెండోసారి షాపు పరువు. దాని సంగతి రేపు ఇంటర్వ్యూలో వస్తుంది, అప్పుడు వినండి.

ఏడున్నరయింది. కింద షట్టరు సగం దించారు. వాళ్లమ్మ మిర్చి కోతల నుంచి వచ్చి అన్నం క్యారేజీ పంపింది. తినేటప్పుడు అమీర్‌పేట కబుర్లు చెబుతోంది, వింటారా?

మార్కాపురంలో ఇంజనీరింగ్ పూర్తయింది 2024లో, కంప్యూటర్ సైన్స్. మొదటి ఏడాది చదువంతా కరోనా పుణ్యమా అని ఫోనులోనే, వాటర్ ట్యాంకు మెట్ల మీద కూర్చుని. కాలేజీ అయ్యేనాటికి కంపెనీలు కొత్తవాళ్లని తీసుకోవడం తగ్గించాయి. ఇంకేముంది, అందరి దారే. మాచర్ల, సాగర్ మీదుగా రాత్రి బస్సు, తెల్లారేసరికి హైదరాబాద్. ఎస్‌ఆర్ నగర్‌లో హాస్టలు, గదికి ఐదుగురు.

మైత్రీవనం దగ్గర మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే ఇంటర్వ్యూలూ, కోర్సులూ, హాస్టళ్లూ రాసి ఉన్న కాగితాలు చేతిలో పెట్టేవాళ్లు ఎదురొస్తారు. ఆదిత్య ఎన్‌క్లేవ్ గోడల మీద బోర్డులు పైనుంచి కింది దాకా. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి ఈ బోర్డుల మీద మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ ఉండేవి. వై టూ కే హడావుడి. తర్వాత జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, హడూప్, క్లౌడ్. ఇప్పుడు ఏ బోర్డు చూసినా ఏఐ అని రెండక్షరాలు అదనం. బోర్డు మారినా లోపల గది అదే. నూట యాభై మంది, ఒక మైకు, ఒక తెర.

"అక్కడ చెప్పిందంతా యూట్యూబులో ఉంది" అంటోంది అమ్మాయి, పప్పు కలుపుకుంటూ. "తెలుగులోనే ఉంది. ఊరికినే ఉంది."

మరెందుకు వెళ్లినట్టు?

"పక్కన కూర్చున్న పిల్ల కోసం. కడపమ్మాయి. నా కోడు ఆగిపోతే తను చూసేది, తనది ఆగిపోతే నేను. సెమీకోలన్ మర్చిపోయి మూడు గంటలు కూర్చున్నా ఒకసారి. తనొచ్చి ఒక్క చూపు చూసి వేలు పెట్టింది."

నాకీ మాట అమీర్‌పేట మీద రాసిన వ్యాసాలన్నిటికంటే నిజమనిపించింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది, పాఠాలు ఉచితమయ్యాయి, పాత లాప్‌టాప్ మోటారు బిల్లుకంటే కొంచెం ఎక్కువకి దొరుకుతుంది. యర్రగొండపాలెం పిల్లలకి ఇప్పుడు లేనిది పాఠం కాదు. రాసింది చూసి, ఇదేంటి ఇలా రాశావు అని అడిగే పక్కమనిషి లేడు. మావయ్య ర్రని పట్టుకున్నాడు, సరే. లోపలి తప్పుల్ని పట్టుకునేదెవరు? హాస్టలు డబ్బులు అయిపోయి బస్సెక్కినప్పుడు ఈమె వదిలి వచ్చింది ఆ కడపమ్మాయినే. నెల తిరక్కుండా ఆమె కూడా కడప వెళ్లిపోయింది.

ఆ పక్కమనిషి ముందునుంచీ ఉన్న చోటొకటుంది. ఈమెతోపాటు హైస్కూల్లో పది చదివిన కుర్రాడికి 2018లో ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది, ఒంగోలు క్యాంపస్ కింద. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయమని పెద్ద పేరుంది గానీ ఎవరూ అనరు, ట్రిపుల్ ఐటీ అంటారు. 2008లో పల్లెటూరి పిల్లల కోసమే పెట్టారు. ప్రవేశ పరీక్ష లేకుండా పదో తరగతి మార్కులతో సీటు, ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకి అదనంగా 4 శాతం కలుపుతారు. ఇంటర్‌తో కలిపి ఆరేళ్లు అక్కడే. పక్క మంచం మీద వాడూ కోడే రాస్తుంటాడు, ఎదురు మంచం మీద వాడూ అంతే. ఈ ఇద్దరికీ పదిలో మార్కుల తేడా ఎంతో తెలుసా? అడిగితే అమ్మాయి నవ్వి ఊరుకుంది.

ఆ కుర్రాడు ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. రాత్రి తొమ్మిదికి ఫోను చేశాడు, ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేస్తానన్నాడు. స్పీకర్‌లో పెట్టింది, మనమూ వినొచ్చు.

"ఏందే, రెడీనా? స్ట్రింగ్ రివర్స్ చెయ్యి."

ఫ్రెషర్ని అడిగే ప్రశ్నల్లో ఇది అరిగిపోయిన నాణెం. ఒక మాటిస్తారు, దాన్ని వెనక నుంచి ముందుకి తిప్పాలి. అమ్మాయి ఊపిరి పీల్చకుండా చెప్పింది. స్ప్లిట్, రివర్స్, జాయిన్. మూడు మాటలు, ఒక లైను.

"చాట్‌జీపీటీ చెప్పిందా?"

"ఆ... అదే చెప్పింది. నాకూ తెలుసు."

"సరే, మనూరి పేరు తిప్పు. తెలుగులో."

ఆమె టైపు చేసి ఎంటర్ నొక్కింది. తెర మీద వచ్చింది చూడండి. మొదట్లోనే దిక్కులేని సున్నా, దాని పక్కన అక్షరం లేక చుక్కల వలయాన్ని పట్టుకుని వేలాడుతున్న ఎత్వం. తర్వాత 'లాపడం' అని ఒక కొత్త మాట. మళ్లీ చుక్కల వలయం, దాని మీద ఒత్వం. చివర్లో గ, ర్ర, య. ఆ ర్ర ఒక్కటే చెక్కుచెదరలేదు, ఎటునుంచి చదివినా ర, పొల్లు, ర కాబట్టి.

గదిలో నవ్వు, ఫోనులో నవ్వు.

"నవ్వింది చాలు గానీ, ఎందుకట్టా వచ్చిందో చెప్పు."

ఇప్పుడు నవ్వు ఆగింది. ఆమె లెంగ్త్ అడిగి చూసింది. 13. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది: య, ర్ర, గొం, డ, పా, లెం. ఆరు. పదమూడు ఎక్కడివి? కాగితం తీసింది. య ఒకటి. ర, పొల్లు, మళ్లీ ర, మూడు. గ, దాని ఒత్వం, సున్నా, మూడు. డ ఒకటి. ప, దీర్ఘం, రెండు. ల, ఎత్వం, సున్నా, మూడు. మొత్తం పదమూడు. కంటికి ఒక అక్షరం, యంత్రానికి మూడు ముక్కలు. తల కింద కాళ్లు పైన చేస్తే గుణింతం అక్షరాన్ని వదిలేసి ముందుకొచ్చేస్తుంది.

"మరి సరిగ్గా తిప్పాలంటే?"

చాలాసేపు మౌనం. కుర్రాడు చెప్పెయ్యలేదు, ఆగాడు. అది నాకు నచ్చింది. తర్వాత ఒక్క మాట అందించాడు, సెగ్మెంటర్ అని. ఆమె ఎండీఎన్ అనే వెబ్ డాక్యుమెంటేషన్ సైటులో వెతికి చదువుకుంది. మాటని యంత్రం ముక్కలుగా కాకుండా మనిషి అక్షరాలుగా విడగొట్టే పనిముట్టు అది, బ్రౌజర్లోనే ఉంది. ఇందులోనూ ఓ తమాషా ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 దాకా ఆ ప్రమాణం నియమాల్లో ర్ర అంటే ఒకటి కాదు, పొల్లు దగ్గర విడిపోయే రెండు. ఇరవై నిమిషాల తర్వాత తెర మీద 'లెంపాడగొంర్రయ' వచ్చింది. చుక్కల వలయాలు లేవు.

పదిన్నరకి వాళ్ల నాన్న వచ్చాడు, ఇంటికి తీసుకుపోవడానికి. చేతిలో ఫోను, మొహంలో తటపటాయింపు. ఎవరో కన్సల్టెన్సీ మనిషి చేశాడట. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలిస్తారట, పే స్లిప్పులిస్తారట, ఇంటర్వ్యూలో పక్కనుంచి చెప్పే మనిషిని కూడా వాళ్లే పెడతారట. లక్షన్నర. సగం ముందు, సగం ఉద్యోగమొచ్చాక.

"ఇట్టాంటియి అందరూ చేస్తన్నారంట గదమ్మా. మిర్చి అమ్మినాక చూద్దామా?"

"వద్దు నాన్నా. పీఎఫ్ నంబరు అడుగుతారు. అందులో ఏ కంపెనీలో ఎన్నాళ్లు చేశామో ఉంటది. లేనిది యాడ నుంచి తెస్తారు?"

ఆమె చెప్పింది సరైనదే. 2014 నుంచి పీఎఫ్ ఖాతాదారు ప్రతి ఒక్కరికీ యూఏఎన్ అని ఒక నంబరుంటుంది, ఏ కంపెనీ మారినా అదే. కంపెనీల తరఫున వివరాలు సరిచూసేవాళ్లు మొట్టమొదట తెరిచేది దాన్నే. ఉద్యోగంలో చేరిన నాలుగో నెల్లో దొరికిపోయి బయటికొచ్చిన పిల్లల్ని అమీర్‌పేట హాస్టళ్లలో అడిగితే చెబుతారు. అనుభవం లేనివాడికి ఉద్యోగమివ్వరు, ఉద్యోగమివ్వకపోతే అనుభవం రాదు. ఈ ముడి దగ్గరే ఆ వ్యాపారం దుకాణం తెరుస్తుంది. పెద్ద కంపెనీల్లో ఫ్రెషర్ జీతం పదేళ్ల కింద ఏడాదికి మూడు, మూడున్నర లక్షలు. ఇప్పటికీ ఆ దరిదాపుల్లోనే ఉంది. అందులో లక్షన్నర వాళ్లకే పోస్తే ఆ ఇంటికి మిగిలేదేముంది? నాన్న ఇంకేమీ అనలేదు. షట్టరు తాళం ఆయనే వేశాడు.

మర్నాడు పొద్దున పదిన్నర. మళ్లీ మెట్లెక్కండి. ఇనప బల్ల మీద దుప్పటి పరిచారు. వెనక కాలిన తీగ చుట్టలు కనపడకుండా గోడకి చీర కట్టారు, వాళ్లమ్మది, మెరూన్ రంగు. లాప్‌టాప్ పక్కన ఫోను హాట్‌స్పాట్, కరెంటు పోతే తట్టుకునేలా రెండూ నిండుగా చార్జింగ్. పదకొండుకి గూగుల్ మీట్‌లో ఇద్దరు ప్రత్యక్షమయ్యారు. ఒకావిడ, టీమ్ లీడ్‌నని చెప్పింది. ఇంకొకాయన కెమెరా ఆపేశాడు. మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే, నేను తెలుగులో చెబుతాను.

మీ గురించి చెప్పండి అన్నారు. నెల రోజులుగా బట్టీ పట్టిన ఐదు వాక్యాల్లో మూడోదాని దగ్గర అమ్మాయి ఆగిపోయింది. చెంపల మీద చెమట. సరిగ్గా అప్పుడే కింద ఠాంగ్, ఠాంగ్, ఠాంగ్.

"ఏంటా చప్పుడు?" అంది లీడ్.

"సారీ మేడమ్. కింద మోటారు రోటారు నుంచి బేరింగ్ తీస్తున్నారు. పట్టేసిందనుకుంటా."

"ఎక్కడున్నారు మీరు?"

ఇక్కణ్నుంచి బట్టీ అవసరం పడలేదు. షాపు, మోటార్లు, ఫోన్లు, టోకెన్లు. స్క్రీన్ షేర్ చేసి పేజీ చూపించింది. నీలం పట్టీలో ఊరి పేరు వత్తుతో సహా ఉంది గానీ వాళ్లు దాన్ని చూడనే లేదు. అప్పిచ్చినాయన టీ తాగిన సంగతి చెప్పినప్పుడు కెమెరా ఆపినాయన నవ్వు వినిపించింది.

"ఇంకేమైనా తప్పు జరిగిందా, ఇది పెట్టాక?"

జరిగింది. రాత్రి దాటవేసిన సంగతి ఇదే. కొత్త మోటారు రాగానే టోకెన్ ఇవ్వాలి. అప్పటిదాకా ఉన్న పెద్ద నంబరుకి ఒకటి కలిపి కొత్త నంబరు చెయ్యమని రాసింది ఈమె. మావయ్య ఫోనులో ఒకటి, షాపులో పనిచేసే కుర్రాడి ఫోనులో ఒకటి, రెండింట్లోనూ పేజీ తెరిచి ఉంది. ఓ పొద్దున రెండు ఆటోలు ఒకేసారి దిగాయి. ఇద్దరూ ఒకేసారి నొక్కారు. రెండు ఫోన్లూ 211 చూసి 212 ఇచ్చాయి. రెండు మోటార్ల మీదా పెయింటుతో 212 రాశారు. గంజివారిపల్లె రైతు ఏడున్నర హెచ్‌పీది వేసుకుని వెళ్లిపోయాడు, ఆయనది ఐదు. మోటారు బోరులోకి దించాక గానీ తెలియలేదు. మళ్లీ పైపులు లాగే కూలి మావయ్యే పెట్టుకున్నాడు.

"టూ పీపుల్, సేమ్ టైమ్ ప్రెస్, సేమ్ నంబర్ కమ్" అని చెప్పింది, చేతులు రెండూ ముందుకు చాపి, రెండు బొటనవేళ్లూ ఒకేసారి నొక్కి చూపిస్తూ.

"ఎలా సరిచేశారు?"

"నంబరు ఇచ్చే పని ఫోన్ల దగ్గర్నుంచి తీసేశా మేడమ్. డేటాబేసే ఇస్తది. ఒకసారి ఇచ్చింది మళ్లీ ఇవ్వదు. కాలమ్‌కి యునీక్ పెట్టా."

"దీన్నేమంటారో తెలుసా?"

తెలియదు. తెలియదనే చెప్పింది. రేస్ కండిషన్ అని లీడ్ చెబితే దుప్పటి మీదున్న కాగితం మీద తెలుగులో రాసుకుంది. బ్యాంకుల్లోనూ, రైలు టిక్కెట్ల దగ్గరా ఇదే గొడవ రాకుండా చూస్తుంటారని, దాని మీద ఏం చదవాలో కూడా ఆవిడ రెండు నిమిషాలు చెప్పింది. ఇంటర్వ్యూలో పాఠం చెప్పేవాళ్లు అరుదు, చెప్పాలనిపించేలా చేసే పిల్లలు కూడా అరుదే.

జావాస్క్రిప్ట్‌లో ప్రామిస్ గురించి అడిగారు, ఫర్వాలేదనిపించింది. రియాక్ట్‌లో ఒక ప్రశ్నకి తప్పు చెప్పింది, తప్పని లీడ్ మొహంలో మనకి కూడా తెలిసింది. స్ట్రింగ్ రివర్స్ ఎవరూ అడగలేదు. రాత్రంతా తిప్పిన ఊరి పేరు తిప్పినట్టే ఉండిపోయింది.

"మీరేమైనా అడగాలా?"

జీతం అడుగుతుందేమో అనుకున్నాం. రెండేళ్ల బాండు ఉందా అని అడగమని వాళ్ల నాన్న పొద్దున గుర్తుచేశాడు కూడా.

"మీ దగ్గర కొత్తగా వచ్చినవాళ్లు రాసింది ఎవరు చూస్తారు మేడమ్?"

లీడ్ కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది. ఒకరు చదివి ఒప్పుకోకుండా ఏ లైనూ లోపలికి పోదంది. కొత్తవాళ్లది మొదటి రోజుల్లో తిప్పి పంపడమే ఎక్కువని, ఎందుకు పంపామో పక్కన రాస్తామని, తను రాసింది కూడా వేరేవాళ్లు తిప్పి పంపుతారని చెప్పింది. మొన్న వారమే పంపారట. కెమెరా ఆపినాయన "నేనే" అన్నాడు.

రెండో రౌండుకి ఒక పని పంపిస్తామన్నారు. సోమవారంలోగా చేసివ్వాలి. నలభై నిమిషాలు పట్టిన మాటలు టక్కున ఆగిపోయాయి, తెర మీద ఎవరూ లేరు.

చీర విప్పి మడతపెడుతుంటే మెయిల్ వచ్చింది. చిన్న లైబ్రరీకి పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పేజీ చెయ్యాలట. ఒకే పుస్తకాన్ని ఇద్దరు ఒకేసారి అడిగితే ఏమవుతుందో చూసుకోవాలట. ఆ లైను దగ్గర ఆమె మొహం విప్పారింది. దాని కింద ఇంకో లైను, రాసిన ప్రతి భాగానికీ టెస్టులు జతచెయ్యాలి. అక్కడ ఆగింది. టెస్టంటే ఇన్నాళ్లూ మావయ్యకి ఫోనిచ్చి నొక్కమనడమే.

కింద నుంచి కేక. "అమ్మాయ్, గంజివారిపల్లె ఆయనొచ్చాడు, టోకెను తెరుచుకోటల్లేదంట, చూడు!"

"వస్తన్నా మావయ్యా, రెండు నిమిషాలు" అని అరిచి, ఫోను తీసి బెంగళూరు నంబరు నొక్కింది.

"ఒరేయ్, టెస్టులు రాయడం ఎట్టారా? లేదు, అయిపోయింది, బానే చెప్పా, అది తర్వాత చెబుతా. సాయంత్రం ఎన్నింటికి ఖాళీ?"